కాగితం మీద ఓనరు

టెక్కలి దాటాక హైవే పక్కన ఒక టీ కొట్టు. రాత్రి పదకొండయింది. గ్రావెల్ లోడుతో టిప్పరు ఆగి ఉంది, పైన కప్పిన పట్టా ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటోంది. డ్రైవరు గ్లాసు కింద పెట్టి, ఫోన్లో ఆర్‌సీ ఫొటో తీసి నా ముందు పెట్టాడు.

"ఆర్‌సీ నా పేరు మీదే ఉంది బావూ. బండి మాత్రం నాది కాదు. కిస్తీ నా ట్రిప్పుల్లోంచే కోసేస్తన్నారు. ఇంతకీ నానేటి, ఓనర్నా, డ్రైవర్నా?"

జవాబు చెప్పకుండా నాలుగు ప్రశ్నలు అడిగాను. రేపు ఇంకో క్రషర్‌కి బండి పెట్టగలవా? "పెడితే ఊరుకుంటారేటి?" జ్వరమొస్తే నీ బదులు మీ తమ్ముణ్ణి పంపగలవా? "సూపర్వైజరు ఒప్పుకోడు." ట్రిప్పు రేటు ఎవరు చెప్తారు? "ఆలే." మరి గేరుబాక్సు పోతే ఖర్చెవరిది? కాసేపు ఆలోచించి "నాదే" అన్నాడు.

మొదటి మూడూ జీతగాడి జవాబులు. నాలుగోది ఓనరు జవాబు. పెత్తనం వాళ్ళ దగ్గర, నష్టం ఇతని దగ్గర. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ ఇతని పరిస్థితి. ఈ అధ్యాయం అతని కోసమూ, అతనిలా లోడుకీ లోడుకీ మధ్య టీ తాగే వేరేవాళ్ళ కోసమూ.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు టిప్పరుకి తీరిక లేదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు, విజయనగరం మీదుగా పోయే రాయ్‌పూర్–విశాఖ కొత్త రహదారి. వీటన్నిటికీ మట్టి, కంకర, ఇసక మోసేది మన బళ్ళే. పెద్ద పనుల్లో పై కంపెనీ ఒక కాంట్రాక్టరుకి ఇస్తుంది. అతను సబ్ కాంట్రాక్టరుకి, ఆయన బళ్ళ ఓనరుకి, ఓనరు డ్రైవరుకి. గొలుసులో ఒక్కో లంకె దిగేకొద్దీ డబ్బు సన్నబడుతుంది, బాధ్యత లావెక్కుతుంది. చివర్న స్టీరింగ్ పట్టుకున్నవాడిని "నువ్వు మా మనిషివి" అని ఎవరూ అనరు, ప్రమాదం జరిగిన రోజున అసలే అనరు.

డ్రైవర్లలో మూడు రకాలున్నారు. నెలజీతం ప్లస్ బత్తా మీద తోలేవాళ్ళు. జీతం లేకుండా ట్రిప్పుకింత అని తోలేవాళ్ళు. సొంత బండిని, లేదా సొంతమని చెప్పుకునే బండిని ఎవరి దగ్గరో ఎటాచ్ చేసి తోలేవాళ్ళు. మొదటివాళ్ళకి పెద్ద సందేహం అక్కర్లేదు, వాళ్ళు ఉద్యోగులే. అపాయింట్‌మెంట్ కాగితం లేకపోవడం ఓనరు లోపం తప్ప వాళ్ళ హోదాకి లోటు కాదు. చిక్కంతా రెండో, మూడో రకాలకే.

మూడో రకంవాళ్ళని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. సాలూరు చూడండి. 2022లో జిల్లాలు విడగొట్టాక అది పార్వతీపురం మన్యంలోకి పోయిందిగానీ, మనవాళ్ళకి సాలూరంటే ఇప్పటికీ లారీలే. క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, పాత బండి కొని, చివరికి ఓనరై కూర్చున్నవాళ్ళ కథలు అక్కడ ఏ మెకానిక్ షెడ్డు దగ్గరైనా వినొచ్చు. ఆ ఆశ నిజమైనది. ఆ ఆశనే ఎరగా వేసి "బండి నీ పేర పెడతాను, నువ్వే ఓనరు" అనేవాళ్ళూ ఉన్నారు. నిజమైన మెట్టేదో, ఎర ఏదో గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

ఒక్క రాత్రి లెక్క

ప్రమాదం గురించి మాట్లాడితే మనవాళ్ళు అపశకునం అంటారు. అయినా మాట్లాడాలి. ఈ ప్రశ్నకి అసలు ధర తెలిసేది అక్కడే.

ముప్ఫై అయిదేళ్ళ డ్రైవరు పనిలో ఉండగా చనిపోయాడనుకుందాం. అతను ఉద్యోగి అయితే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం లెక్క ఇలా ఉంటుంది. నెలజీతంలో సగం తీసుకుని, వయసుని బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చవెయ్యాలి. జీతం ఎంతున్నా 2020 జనవరి 3 నుంచి 15,000 దాకానే లెక్కలోకి తీసుకున్నారు. సగం 7,500. ముప్ఫై అయిదేళ్ళకి గుణకం 197.06. హెచ్చవేస్తే 14,77,950 రూపాయలు. నెల దాటినా కట్టకపోతే పైన 12 శాతం వడ్డీ. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఈ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. ఈ దారిలో ఇంకో మేలుంది. తప్పు ఎవరిదని అడగరు. నిద్రమత్తులో అతనే డివైడరు ఎక్కించినా కుటుంబానికి పరిహారం వస్తుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి పోతే ఎక్కువ రావచ్చు, కానీ అక్కడ సాధారణంగా ఎదుటివాడి తప్పు నిరూపించాలి. రెండిట్లో ఒక్క దారే పట్టాలి.

ఈ డబ్బు కట్టేది ఎక్కువసార్లు ఇన్సూరెన్సు కంపెనీయే. సరుకు బండి పాలసీ తీసుకున్న ఓనరుకి తన డ్రైవరు విషయంలో ఉండే ఈ బాధ్యతని ఆ పాలసీ మోయాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. అంటే "నా డ్రైవరే" అని ఒప్పుకున్నంత మాత్రాన పాలసీ ఉన్న ఓనరు జేబుకి పెద్ద చిల్లు పడదు. పాపం, చాలామంది ఓనర్లకీ ఈ సంగతి తెలియదు. భయంతో "వాడెవడో నాకు తెలీదు" అనేస్తారు.

ఇప్పుడు ఆర్‌సీ ఆ డ్రైవరు పేరు మీదే ఉందనుకోండి. పాలసీ దృష్టిలో అతనే ఓనరు. ఓనరుకి పరిహారం ఇవ్వాల్సినవాడు ఓనరే అవుతాడు కాబట్టి పై లెక్క ఎగిరిపోతుంది. అతనికి మిగిలేది ఓనరు-డ్రైవరుకి తప్పనిసరి చేసిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అది కూడా ప్రీమియం కట్టి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటేనే. కిస్తీ కోసి బీమా కట్టాల్సిన కాంట్రాక్టరు ఆ ఏడాది రెన్యువల్ మరిచిపోతే ఏమీ మిగలదు. పైగా అవతల బైకు మీద మనిషి పోతే ఆ కుటుంబానికి చెల్లించాల్సిన బాధ్యత ఆర్‌సీలో పేరున్న ఇతని మీద పడుతుంది. బండి చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందుకే చెబుతున్నాను. బండి మీద పెత్తనం లేకుండా ఆర్‌సీలో పేరు మాత్రం పెట్టించుకోకండి. అది గౌరవం కాదు, ఎవరిదో అప్పుకి జామీను సంతకం.

ఉప్పుమడిలో పుట్టిన గీటురాయి

మూలపేట వైపు లోడు తోలేవాళ్ళకి నౌపడా ఉప్పుమళ్ళు తెలుసు. ఎండలో తెల్లగా మెరుస్తుంటాయి. మన దేశంలో "ఇతను ఉద్యోగా, కాంట్రాక్టరా" అన్న ప్రశ్నకి సుప్రీంకోర్టు ఇచ్చిన పెద్ద తీర్పు అలాంటి ఉప్పుమళ్ళ గురించే. చోటు గుజరాత్‌లోని ధ్రాంగధ్ర కంపెనీ మళ్ళు, సంవత్సరం 1956. అక్కడ అగరియాలనే ఉప్పు పనివాళ్ళకి సీజన్లో తలా కొంత మడి కేటాయించేవారు. ముందుగా అడ్వాన్సు. జీతం లేదు, మణుగుకింత. పనివేళలు లేవు. వాళ్ళ కుటుంబాలు పనిచేసేవి, కావాలంటే బయటి కూలీలనీ వాళ్ళే పెట్టుకునేవారు. వీళ్ళు కాంట్రాక్టర్లు, మా మనుషులు కారు అంది కంపెనీ.

కోర్టు ఒప్పుకోలేదు. ఏం చెయ్యాలన్నదే కాదు, ఎలా చెయ్యాలో కూడా చెప్పే అధికారం ఎవరికుందో చూడాలంది. నీళ్ళు పెట్టడం దగ్గర్నుంచి ఉప్పు గీకడం దాకా కంపెనీ మనుషుల పర్యవేక్షణ ఉంది, ఉప్పు నచ్చకపోతే తీసుకోరు. కాబట్టి వాళ్ళు పనివాళ్ళే. జీతం బదులు మణుగు లెక్కన ఇచ్చినంత మాత్రాన మనిషి కాంట్రాక్టరైపోడని అప్పుడే తేలిపోయింది. ట్రిప్పు లెక్కన తోలే మీకు ఇంతకంటే దగ్గర ఉదాహరణ ఏం కావాలి?

తరవాత 1973లో మన తెలుగు నేల మీది దర్జీలవంతు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. బట్టకింత అని కుట్టేవాళ్ళు, ఇష్టమైనప్పుడు వచ్చేవాళ్ళు, ఒక్కోసారి పని ఇంటికీ తీసుకెళ్ళేవాళ్ళు. అయినా మిషన్లు షాపువి, కుట్టు బాగోకపోతే విప్పి మళ్ళీ కుట్టమనే హక్కు షాపుది. వాళ్ళు ఉద్యోగులేనంది కోర్టు. 1978లో కేరళ తాళ్ళ ఫ్యాక్టరీ కేసు, హుస్సేన్‌భాయ్‌ది. మధ్యలో కాంట్రాక్టర్లు ఎందరున్నా ముసుగు తీసి చూడమన్నారు జస్టిస్ కృష్ణయ్యర్. మీ పొట్ట ఎవరి చేతిలో ఉందో, ఎవరు వద్దంటే మీ పని ఆగిపోతుందో వాళ్ళే యజమాని. టిప్పర్ల గొలుసుకి ఈ మాట అతికినట్టు సరిపోతుంది.

అలాగని అన్ని తీర్పులూ ఒకవైపే రాలేదు. 2020లో సుశీలాబెన్ కేసులో, ఆస్పత్రి మినీబస్సు ప్రమాదంలో చనిపోయిన కంటి డాక్టరు ఆస్పత్రి ఉద్యోగి కాదనీ, స్వతంత్రంగా సేవలందించేవాడనీ సుప్రీంకోర్టు తేల్చింది. అన్నిటికీ సరిపోయే ఒకే కొలబద్ద లేదంది. అన్నీ కలిపి తూచి, త్రాసు ఎటు మొగ్గితే అటు.

మీ త్రాసు

అయితే టిప్పరుని తూచేటప్పుడు దేన్ని పళ్ళెంలో వెయ్యాలి? నేనైతే మొదట వేసేది "వద్దు" అనే హక్కు. ఈ రాత్రి ఓవర్‌లోడ్ ఎక్కించారు, మీకు నచ్చలేదు. "వద్దండి, నా బండి నేను ఖాళీగా పెట్టుకుంటాను" అనగలరా? అని, మళ్ళీ ఎల్లుండి అదే చోట లోడు తెచ్చుకోగలరా? అనగలిగితే మీలో ఓనరున్నాడు. ఓవర్‌లోడ్‌కి జరిమానా 20,000, పైన అదనపు టన్నుకి 2,000. తోలినవాడి మీదా, తోలించినవాడి మీదా వేయొచ్చు. అది ఎవరి లెక్కలో రాస్తున్నారో చూడండి. ఎక్కించమన్నది సైటువాళ్ళు, చలానా మీ ట్రిప్పుల్లోంచి పోతోందంటే పెత్తనం ఒకరిది, నష్టం ఇంకొకరిది.

తరవాత బదులు మనిషి. నిజమైన కాంట్రాక్టరు పని జరిపిస్తానని ఒప్పుకుంటాడు, తనే చేస్తానని కాదు. లైసెన్సున్న ఇంకో డ్రైవర్ని పంపే స్వేచ్ఛ లేకపోతే వాళ్ళు కొంటున్నది రవాణా కాదు, మిమ్మల్ని. ఆపైన డీజిలు ఎవరు పోస్తారు, టైరు ఎవరు మారుస్తారు, క్లీనర్ని ఎవరు పెట్టారు, వరస ఎవరు చెప్తారు, సెలవు ఎవర్నడగాలి. ఇవన్నీ ఉన్నాయి, కానీ మొదటి రెండూ తేలితే మిగతావి సాధారణంగా వాటి వెనకే నడుస్తాయి.

అమెరికాలో కాలిఫోర్నియావాళ్ళు దీన్ని ఇంకా గట్టిగా బిగించారు. 2018 ఏప్రిల్ 30న డైనమెక్స్ అనే డెలివరీ కంపెనీ డ్రైవర్ల కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు మూడు షరతులు పెట్టింది. కంపెనీ అజమాయిషీ ఉండకూడదు. చేసే పని కంపెనీ మామూలుగా చేసే వ్యాపారంలో భాగం కాకూడదు. చేసేవాడికి అదే రంగంలో తనదంటూ వేరే వ్యాపారం నడుస్తూ ఉండాలి. మూడూ ఉన్నాయని కంపెనీయే రుజువు చెయ్యాలి, ఒక్కటి లేకపోయినా అతను ఉద్యోగే. 2020లో ఇది చట్టంగా అమల్లోకి వచ్చింది. నిర్మాణ రంగంలో ట్రక్కులు నడిపే సబ్ కాంట్రాక్టర్లకి మాత్రం 2024 చివరిదాకా షరతులతో వెసులుబాటు ఇచ్చారు. చూశారా, అక్కడా మెలిక టిప్పర్ల దగ్గరే పడింది. ఆ కొలబద్ద మన దగ్గర చట్టం కాదు. అయినా రెండో షరతుని మీకు మీరే వేసుకుని చూడండి. కంకర సరఫరా చెయ్యడమే పనిగా పెట్టుకున్నవాడికి కంకర తోలే మనిషి బయటివాడెలా అవుతాడు?

మొహమాటం దగ్గర ఆగిపోకండి

ఇక్కడిదాకా చదివి "ఇవన్నీ కోర్టు మాటలు, మా ఓనరు మాకు వరసకి మావయ్య" అంటారు మీరు. తెలుసు. మన దగ్గర బండి ఓనరు పక్కూరివాడో, పెళ్ళికి అప్పిచ్చినవాడో, బంధువో అయి ఉంటాడు. కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనని నోరు రాదు. మన డ్రైవర్లని చట్టం తెలియకపోవడం కన్నా ఎక్కువ ముంచింది ఈ మొహమాటమేనని నా అభిప్రాయం.

అందుకని హక్కు పేరుతో మొదలుపెట్టకండి, అవసరం పేరుతో అడగండి. "మావయ్యా, గోల్డ్ లోనుకెళ్తే జీతం కాగితం అడుగుతున్నారు. నీ లెటర్‌హెడ్ మీద ఎప్పటినుంచి పనిచేస్తున్నానో, ఎంతిస్తన్నావో రాసియ్యవా?" ఇందులో తగువు లేదు. కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఆ మాట మీ జేబులో ఉండనివ్వండి, మొదటే బయటికి తియ్యక్కర్లేదు. నాకు తెలిసి ఇలా అడిగినప్పుడు పదిమందిలో ఏడెనిమిది మంది ఓనర్లు ఇస్తారు. ఇవ్వనివాళ్ళెవరో తెలియడం కూడా లాభమే.

కాగితం ఇవ్వకపోయినా సాక్ష్యం పుట్టించుకోవచ్చు. బత్తా చేతికి తీసుకోకుండా ఫోన్‌పేలో వెయ్యమనండి. నెల తిరిగేసరికి మీ బ్యాంకు స్టేట్‌మెంటే జీతం పుస్తకం. కాటా చీటీని, ట్రిప్పు షీటుని సైట్లో ఇచ్చేసేముందు ఫొటో తియ్యండి, తేదీతో సహా ఉంటుంది. "రేపు అయిదింటికి క్వారీ దగ్గరుండు" అని సూపర్వైజరు పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజ్ చెరపకండి. అజమాయిషీ ఎవరిదో దానికంటే బాగా ఏ లాయరూ చెప్పలేడు. ఖాళీ బాండు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దని మాత్రం మావయ్య అడిగినా సరే, ఖండితంగా చెబుతున్నాను.

ఇంకో చిన్న చోట చూడండి. మీ పాన్ కార్డు జిరాక్స్ ఎవరైనా తీసుకున్నారా? ఇన్‌కంటాక్స్ వెబ్‌సైట్లో మీ ఫారం 26ఏఎస్ తెరిస్తే, మీ పేరు మీద ఎవరు ఎంత చెల్లించినట్టు చూపి పన్ను కోశారో, అది జీతం కిందా, కాంట్రాక్టు కిందా అన్నది కనబడుతుంది. డ్రైవరుగా చేస్తూ తను ఫలానా కంపెనీకి కాంట్రాక్టరునని అక్కడ చూసి ముక్కున వేలేసుకున్నవాణ్ణి నేనెరుగుదును.

నిజంగా ఓనరే కావాలనుకుంటే, శుభం. అప్పుడు ఓనరులాగే ఉండండి. కిస్తీ మీ ఖాతాలోంచి నేరుగా ఫైనాన్సుకి పోవాలి, మధ్యలో ఎవరి కోతా వద్దు. రేటు టన్నుకో కిలోమీటరుకో రాతపూర్వకంగా ఉండాలి. డీజిలు ఇంత పెరిగితే రేటు ఇంత పెరగాలన్న ఒక్క వాక్యం అందులో రాయించుకోండి, చాలామంది మునిగేది అక్కడే. పన్ను సంగతి తేలిక. పది బళ్ళ లోపు ఉన్నవాళ్ళు పెద్ద బండికి స్థూల బరువులో టన్నుకి నెలకి వెయ్యి చొప్పున ఆదాయంగా చూపొచ్చు. 28 టన్నుల పది టైర్ల టిప్పరుకి నెలకి 28,000, ఏడాదికి 3,36,000. బండి వానాకాలం షెడ్డులో పడున్నా అదే లెక్క, అది గుర్తుంచుకోండి. పాన్ ఇచ్చి పది బళ్ళలోపేనని డిక్లరేషన్ రాసిస్తే కిరాయిలో టీడీఎస్ కొయ్యకూడదు. వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కరోజు కూడా తప్పనివ్వకండి. మీ బండికి మీరు డ్రైవర్ని పెట్టుకున్న రోజున, ఈ అధ్యాయంలో ఓనరు గురించి రాసిందంతా మీ గురించే.

ఆ టెక్కలి డ్రైవరుకి చివరికి నేనిచ్చిన సలహా ఒకటే: ఈ నెలలోపు బండి నిజంగా నీదన్నా చేసుకో, ఆర్‌సీలోంచి నీ పేరన్నా తీయించుకో.

పరిహారానికి ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టాలి. జీతం బకాయికి వేతనాల కోడ్ కింద మూడేళ్ళ గడువుంది, ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ కార్మిక శాఖ కార్యాలయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయానికి దారి చెబుతారు. మీ ఆర్‌సీ, పాలసీ, లైసెన్సు ఫొటోలతోపాటు ఈ పేజీని కూడా ఫొటో తీసి మీ ఇంటావిడ ఫోన్లో పెట్టండి. అవసరమైన రోజున వీటిని చదవాల్సింది ఆవిడే.